కడిగిన కంచం, పుచ్చుకున్న కట్నం

మన హాస్టల్లో చదివినవాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ముందు కంచం సంగతే వస్తుంది. ఏడాది మొదట్లో ట్రంకుపెట్టె, జంపఖానా, దుప్పటి, కంచం, గ్లాసు ఇచ్చేవారు. కంచం మారిపోకుండా అడుగున మేకుతో పేరు చెక్కుకునేవాళ్ళం. అన్నం తిన్నాక కుళాయి దగ్గర వరుస కట్టాలి. సబ్బు ఉండేది కాదు, పొయ్యి దగ్గర బూడిదే సబ్బు. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి. మూడో తరగతిలో చేరి పదో తరగతిలో బయటికి వచ్చినవాడు, సెలవులన్నీ తీసేసి ఎంత తక్కువగా లెక్కేసినా, నాలుగువేల సార్లకు పైగా తన కంచం తాను కడుక్కుని ఉంటాడు.

అలాంటి మేము పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ పని మానేశాం.

పోయినేడు వార్షికోత్సవానికి 1990 పదో తరగతి బ్యాచ్ వాళ్ళం తొమ్మిదిమందిమి వచ్చాం. మాలో టీచర్లున్నారు, ఒక కండక్టరు, ఒక బ్యాంకు ఉద్యోగి, మండలాఫీసులో ఒకరు. మధ్యాహ్నం వేపచెట్టు కింద భోజనాలు పెట్టారు. తిన్నాం, కంచాలు అక్కడే వదిలేశాం, చేతులు కడుక్కుని కుర్చీల్లో కూర్చున్నాం. ఏడో తరగతి పిల్లలిద్దరు మా కంచాలు ఎత్తుకుపోయి కడిగారు. "మీరెందుకురా తీశారు?" అని మాలో ఒకరం అడిగితే కామాటి అక్క నవ్వింది. "పెద్ద సార్లు కదా, పెళ్ళాలు కడిగే అలవాటుంటది, ఇక్కడెవరున్నారు" అంది. ఆమె వేళాకోళానికే అంది. మేమూ నవ్వాం. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ మాటే మళ్ళీ మళ్ళీ వచ్చింది. అక్కణ్ణుంచి పెళ్ళి మీదికి, పెళ్ళి మీద నుంచి కట్నం మీదికి పోయింది మాట. ఆ రోజు మేము మాట్లాడుకున్నదే ఇప్పుడిక్కడ రాస్తున్నాం.

సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడల్లా మాబోటి పాత విద్యార్థులు రాసేది ఒక్కటే: నీళ్ళ సాంబారు తిన్నాం, కష్టపడి చదివాం, ఉద్యోగం తెచ్చుకున్నాం, మీరూ తెచ్చుకోండి. అది అబద్ధం కాదు. అయితే ఉద్యోగం వచ్చాక మేము చేసిన పని ఒకటుంది. దాన్ని గురించి ఏ వార్షిక సంచికలోనూ ఎవరూ రాయలేదు.

బస్సులో లెక్క తీశాం. తొమ్మిదిమందిలో ఏడుగురం కట్నం పుచ్చుకున్నవాళ్ళమే. ఒకడు ప్రేమించి చేసుకున్నాడు. ఒకడు వద్దన్నాడు. ఆ వద్దన్నవాడి సంగతి తరవాత చెబుతాం.

1998 డీఎస్సీ మాలో నలుగురి బతుకు మార్చింది. అప్పటిదాకా మా పేటలో మమ్మల్ని ఫలానా కూలాయన కొడుకు అనేవాళ్ళు. ఆర్డరు చేతికొచ్చిన నెలలోపే పెళ్ళి మాటలు మొదలయ్యాయి. అంతకుముందు మా గుమ్మం తొక్కనివాళ్ళు మంచం మీద కూర్చుని టీ తాగుతూ రేటు మాట్లాడారు. సెకండరీ గ్రేడుకు ఇంత, స్కూలు అసిస్టెంటుకు ఇంత, కానిస్టేబులుకు ఇంత అని ముందే ధరలున్నాయి. సంతలో గొడ్డును పళ్ళు చూసి కొంటారు, మమ్మల్ని ఆర్డరు కాగితం చూసి కొన్నారు. అది సిగ్గుపడాల్సిన సంగతని ఆ రోజు మాకు తోచనే లేదు. పైపెచ్చు ధర కొంచెం ఎక్కువ పలికితే లోపల సంతోషపడ్డాం. ఇది ఒప్పుకోవడం కష్టమే, కానీ నిజం.

అడిగేటప్పుడు పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: "కని పెంచి చదివించాం, ఆ ఖర్చు రావద్దా?" చదివించింది ఎవరు? మూడో తరగతి నుంచి మాకు అన్నం పెట్టింది సర్కారు. పుస్తకం, బట్ట, దుప్పటి ఇచ్చిందీ సర్కారే. ఇంటర్లో, డిగ్రీలో స్కాలర్‌షిప్పు కూడా సర్కారే ఇచ్చింది. ఆ డబ్బు జనం కట్టిన పన్నుల నుంచి వచ్చింది. అగ్గిపెట్టె కొన్న ముసలమ్మ కట్టిన పన్నూ అందులో ఉంది. రేపు మాకు పిల్లనివ్వబోయే మామ కట్టిందీ ఉంది. ఆయన ఒకసారి మా చదువుకు చెల్లించాడు, మళ్ళీ మా ఆర్డరు కాగితానికి చెల్లించాడు. పెద్ద ఇళ్ళ పిల్లల చదువుకు వాళ్ళ నాన్నలు డబ్బు పోసి, ఆ లెక్కన కట్నం గుంజుతున్నారంటే అదీ తప్పే, కానీ వాళ్ళకు చెప్పుకోను ఒక సాకైనా ఉంది. హాస్టల్ బిడ్డకు ఆ సాకు కూడా లేదు.

అయినా మా అమ్మానాన్నల మీద ఊరికే రాయి వెయ్యలేం. వాళ్ళెందుకు అడిగారో మాకు తెలుసు. మాలో ఒకడికి లక్షన్నర ఇచ్చారు. అందులో తొంభై వేలు నెల తిరక్కుండానే వాళ్ళ చెల్లెలి కట్నం కింద వెళ్ళిపోయింది. మిగిలింది షామియానాకు, మైకుసెట్టుకు, కోడికూరకు, పాత అప్పు వడ్డీకి సరిపోయింది. ఆ చెల్లెలి భర్త కూడా తన అక్క పెళ్ళి అప్పు తీర్చాడట ఆ తొంభై వేలతో. అంటే ఆ డబ్బు ఏ ఇంట్లోనూ నాలుగు నాళ్ళు నిలవలేదు. మిరపకాయల కోతలో, పత్తి తీతలో చెమటోడ్చి ఆడవాళ్ళు కూడబెట్టిన డబ్బు పేట నుంచి పేటకు తిరిగి, చివరికి వడ్డీవ్యాపారి దగ్గరికీ బంగారం కొట్టుకూ చేరింది. ఎవరికీ మిగలలేదు, ఎవరూ ఆగలేదు. ముందు ఎవరు ఆపాలి? అప్పుడు మా నాన్నలకు చదువు లేదు. మాకుంది. ఆపితే మేమే ఆపాలి. ఆపలేదు.

మాలో ఇంకొకడి సంగతి ఇంతకన్నా పెద్దది. వాడి మామకు ఎకరం డి-పట్టా భూమి ఉండేది. అసైన్డు భూముల్ని అమ్మకూడదని 1977లో చట్టమే చేశారు. అది పేదల చేతిలో ఒక్క సెంటైనా మిగలాలని తెచ్చిన చట్టం. ఆ మామ తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఆ ఎకరాన్ని ఊళ్ళో రైతుకు అప్పజెప్పాడు. వచ్చింది తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ భూమినే కౌలుకు తీసుకుని చేశాడు. ఈ సంగతి మావాడికి పన్నెండేళ్ళ తరవాత తెలిసింది, అదీ మామ చనిపోయాక దినానికి వెళ్ళినప్పుడు. వాళ్ళావిడకు మొదటి నుంచీ తెలుసు. "ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే "చెబితే తిరిగిచ్చేవాడివా?" అందట. వాడు బస్సులో ఈ మాట చెప్పి కిటికీ వైపు తిరిగాడు. మేము ఎవరమూ ఏమీ అనలేదు.

మన ఇళ్ళలో కట్నం మొదటి నుంచీ లేదని పిల్లలకు తెలియదు. మా అమ్మమ్మల కాలంలో ఓలి ఉండేది. పిల్లవాడి వైపు వాళ్ళే పిల్లవాళ్ళకు కొంత ముట్టజెప్పి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. గురజాడ కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ఆడారు. అందులో చూపించింది పెద్దకులాల ఇళ్ళలో పసిపిల్లల్ని ముసలివాళ్ళకు అమ్మడం. అది వేరు, ఇది వేరు. రెక్కల కష్టం చేసే కులాల్లో ఆడపిల్ల వెళ్ళిపోతే ఒక మనిషి కూలి తగ్గుతుంది గనక, ఆ నష్టానికి ఓలి ఇచ్చేవాళ్ళు. అదేమీ గొప్ప ఆచారమని మేము అనడం లేదు. ఆడమనిషికి వెల కట్టడం అందులోనూ ఉంది. కానీ పిల్లనిచ్చిన తండ్రి అప్పులపాలు అయ్యేవాడు కాదు. మరి ఇది ఎప్పుడు తలకిందులైంది? మా ఇళ్ళలోకి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడే. చదువుకున్నవాళ్ళను చూసి పెద్దకులాల నుంచి మేము చాలా నేర్చుకోవాలనుకున్నాం. ముందు నేర్చుకున్నది ఇదీ!

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పాలి. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. కట్నం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమే. శిక్ష అయిదేళ్ళకు తగ్గకూడదు. ఇవి కొంతమందికి తెలుసు. ఆరో సెక్షను సంగతి మాత్రం టీచర్లమైన మాకే తెలియలేదు. కట్నం కింద ఎవరు ఏది పుచ్చుకున్నా, అది పెళ్ళయిన మూడు నెలల్లోపు ఆ అమ్మాయి చేతికి అప్పజెప్పాలి. ఆ సొమ్ము ఆమెది. అత్తది కాదు, ఆడపడుచుది కాదు, మొగుడి బండిది అసలే కాదు. పెళ్ళిలో ఇచ్చిన కానుకలకు జాబితా రాసి సంతకాలు పెట్టి ఉంచాలని 1985లో నియమాలు కూడా వచ్చాయి. మన పెళ్ళిళ్ళలో జాబితా రాసే పుస్తకం ఒకటే ఉంటుంది, అది చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత చదివించారో రాసుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి పది రూపాయలు కలిపి తిరిగి చదివించడానికి.

ఆ చట్టం పుట్టిన ఏడాదికి మేమింకా పుట్టలేదు. మేము పుట్టి, చదివి, ఉద్యోగం తెచ్చుకుని, ప్రభుత్వోద్యోగిగా నియమాలకు కట్టుబడి ఉంటామని సంతకం చేసి, ఆ చేత్తోనే కట్నం డబ్బు లెక్కపెట్టుకున్నాం.

ఇక వద్దన్నవాడి కథ. వాడు కట్నం వద్దు, రిజిస్టరు పెళ్ళి చాలు అన్నాడు. అంతే, వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోయాయి! "పిల్లవాడికేదో జబ్బుంది, లేకపోతే ఉద్యోగస్తుడు ఉత్తినే ఎందుకు చేసుకుంటాడు" అన్నారు. ఒకచోట ఆ మాట మొహం మీదే అన్నారు. ఇంకోచోట పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు గానీ పిల్ల మేనమామలు అడ్డం పడ్డారు, "ఊరికే ఇస్తే మన పిల్లకు విలువేం ఉంటుంది" అని. రెండేళ్ళు తిరిగాడు. చివరికి ఒక అంగన్‌వాడీ టీచరు కూతురు, డిగ్రీ చదివిన అమ్మాయి, తనే ముందుకొచ్చి మాట్లాడింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, సాయంత్రం చర్చిలో ప్రార్థన, పులిహోర, స్వీటు. ఖర్చెంతో అడిగితే ఇప్పటికీ నవ్వుతాడు. మేము వాణ్ణి ఆ రోజు పిసినారి అని ఎగతాళి చేశాం. మా తొమ్మిదిమందిలో సొంత ఇల్లు ముందు కట్టింది వాడే. అప్పు లేకుండా కాపురం మొదలుపెట్టిన మనిషికీ, అప్పుతో మొదలుపెట్టిన మనిషికీ తేడా మొదటి పదేళ్ళలోనే కనిపిస్తుంది.

కట్నం ఒకరోజు పుచ్చుకునేది. కాపురం రోజూ చేసేది. అసలు లెక్క అక్కడుంది.

మా ఇళ్ళలో నలుగురి భార్యలు ఉద్యోగాలు చేస్తున్నారు. ఉదయం నాలుగున్నరకు లేచేది వాళ్ళే. క్యారియర్లు కట్టేది వాళ్ళే. పిల్లల యూనిఫారాలు, అత్తగారి మందులు, పాలవాడి లెక్క, గ్యాసు బుకింగు, అన్నీ వాళ్ళవే. ఎనిమిదికి ఇద్దరం బస్సెక్కుతాం. సాయంత్రం ఇద్దరం దిగుతాం. దిగాక ఒకరు టీవీ ముందుకు, ఒకరు పొయ్యి ముందుకు. ఇద్దరి జీతాలూ పడతాయి, కానీ ఆమె ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుందో మేము ఇక్కడ రాయనక్కర్లేదు. ఒకడు మాత్రం బస్సులో గట్టిగా వాదించాడు: "మా ఆవిడే ఇచ్చింది, నేను అడగలేదు" అని. అడగకుండా చేతికొచ్చేవన్నీ ఇష్టంతో ఇచ్చినవేనా అని మిగతావాళ్ళం అడిగాం. వాడికి కోపం వచ్చింది.

హాస్టల్లో మేము చెయ్యని పని లేదు. వంటామె రాని రోజు కూరగాయలు తరిగాం, బియ్యంలో పురుగులు ఏరాం, చిన్నపిల్లలకు జ్వరమొస్తే తడిగుడ్డ వేశాం, గజ్జి మందు రాశాం, ఆదివారం బట్టలుతుక్కున్నాం. తొమ్మిదో తరగతివాడు మూడో తరగతివాడికి తల దువ్వి బడికి పంపేవాడు. ఇవన్నీ ఆడవాళ్ళ పనులని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మంచి ఇంటి మగపిల్లలకు రాని పనులు మాకు వచ్చు. ఒక రకంగా మనంత తయారుగా కాపురానికి వెళ్ళే మగవాళ్ళు ఈ దేశంలో ఉండరు. ఆ చదువును మేము ట్రంకుపెట్టెతో పాటు ఇక్కడే వదిలేసి పోయాం. ఎందుకంటే ఇంటి పని చేస్తే పాతరోజులు గుర్తొస్తాయని. పని చేయించుకుంటేనే పెద్దవాళ్ళమైనట్టని. తరతరాలుగా మన చేత పని చేయించుకున్నవాళ్ళ దగ్గర నేర్చిన పెద్దరికం అది. వాళ్ళకు మనం దొరికాం. మనకు పెళ్ళాలు దొరికారు.

అంబేడ్కర్ గారి పెళ్ళి 1906లో బొంబాయి బైకుల్లాలో, రాత్రి బజారు కట్టేశాక చేపల మార్కెట్టు షెడ్డులో జరిగింది. ఆయన పటానికి దండ వెయ్యని వార్షికోత్సవం లేదు గానీ ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. రమాబాయి కష్టం ఆయన మరిచిపోలేదు. ఆమె 1935లో పోయింది, 1941లో తెచ్చిన పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చాడు. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన దళిత మహిళల సభలో, పిల్లలకు తొందరపడి పెళ్ళిళ్ళు చేయవద్దనీ, పెళ్ళాడిన అమ్మాయి భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలి గానీ బానిసగా కాదనీ చెప్పాడు. 1948లో రెండోసారి పెళ్ళి చేసుకున్నప్పుడు రిజిస్టరు పద్ధతిలో చేసుకున్నాడు. హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందన్నది ఒక ముఖ్య కారణంగా 1951లో మంత్రి పదవే వదులుకున్నాడు. ఆడవాళ్ళ ఆస్తి హక్కు కోసం, విడాకుల హక్కు కోసం పదవి వదులుకున్న మనిషి ఫొటోను పెళ్ళి ఫ్లెక్సీ మీద ముద్రించి, కింద వేదిక మీద కట్నం సూట్‌కేసు అందుకుంటున్నాం. ఫ్లెక్సీ వద్దనడం లేదు. రెండింటిలో ఒకటి తీసెయ్యండి అంటున్నాం.

ఆస్తి హక్కు అంటే గుర్తొచ్చింది. మన రాష్ట్రంలో హిందూ కుటుంబాల ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా 1985 నుంచే ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. "కట్నం రూపంలో ఇచ్చేశాంగా, ఇంకా వాటా ఏంటి" అని అన్నదమ్ములు అంటారు. కట్నం ఆ పిల్లకిచ్చారా, అల్లుడి ఇంటికిచ్చారా? వాటా ఆమె పేరున పడుతుంది. కట్నం ఆమె పేరున ఎక్కడా పడదు.

ఇప్పటి పెళ్ళిళ్ళు చూస్తే మా రోజులే నయమనిపిస్తాయి. మేము మైకుసెట్టు, బ్యాండుమేళం, అరటాకు భోజనంతో గట్టెక్కాం. ఇప్పుడు పెళ్ళికి ముందు ఫొటోషూట్ అంటున్నారు. చెరువుగట్టు మీదో కొండ మీదో పాటలకు అడుగులేస్తూ వీడియో. తరవాత హల్దీ, సంగీత్. ఇవి మన వైపు పేర్లు కూడా కావు. పైన డ్రోను, కింద పొగ, ఎల్ఈడీ తెరలు. కూలికెళ్ళే ఇంట్లో కూడా ఇవి లేకపోతే నామోషీ. డ్వాక్రా సంఘంలో అమ్మ గేదె కోసమని అప్పు తీసుకుంటుంది, అది ఈవెంట్ వాళ్ళకు పోతుంది. వీడియో స్టేటస్‌లో ఒక్కరోజు ఉంటుంది, వాయిదాలు మూడేళ్ళు ఉంటాయి. పిల్లల సరదాను తప్పుపట్టే వయసు మాకు వచ్చిందని కొందరు నవ్వుకోవచ్చు. సరదా మాకూ ఇష్టమే. మీ జీతంతో చేసుకోండి. అమ్మ సంఘం అప్పుతో కాదు.

పేద పిల్లల పెళ్ళికి ప్రభుత్వాలు డబ్బిచ్చే పథకాలు పెట్టాయి. తెలంగాణలో 2014 అక్టోబరులో కల్యాణలక్ష్మి 51,000తో మొదలై తరవాత 1,00,116 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కల్యాణమస్తు తెచ్చినప్పుడు వధూవరులిద్దరూ పది పాసై ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతు మాకు నచ్చింది. పది దాకా ఆగితే పద్దెనిమిదేళ్ళ దాకా ఆగడం కొంచెం తేలికవుతుంది. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండకుండా పెళ్ళి చెయ్యకూడదని 2006 చట్టం. కానీ పక్కవీధి బాలికల హాస్టల్లో వేసవి సెలవులకు ఇంటికెళ్ళి తిరిగి రాని పిల్లలు ఇప్పటికీ ఉంటారు. తెలిసినప్పుడు 1098కి ఫోను చెయ్యండి, పేరు చెప్పక్కర్లేదు. ఆ పిల్ల అన్న మన హాస్టల్లోనే ఉండొచ్చు. తమ్ముళ్ళూ, ఆ అన్న మీరే అయితే అప్పుడు మీరేం చేస్తారన్నది మాకు ముఖ్యం.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని మాలో మేము చాలా తర్జనభర్జన పడ్డాం. రాస్తున్నాం.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పెద్దకులపు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి ముందు, గర్భవతిగా ఉన్న భార్య కళ్ళెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ రోజు మేము కొవ్వొత్తులు పట్టుకుని నడిచాం. కులాంతర వివాహమే కుల నిర్మూలనకు దారని ఉపన్యాసాలిచ్చాం. బాగుంది. మరి మన హాస్టల్లో రెండు కులాల పిల్లలం ఒకే గదిలో పడుకున్నాం, ఒకే దుప్పటి కప్పుకున్నాం, కూర సరిపోకపోతే ఒకే కంచంలో తిన్నాం. ముప్పై అయిదేళ్ళలో మా బ్యాచ్‌లో ఒకరింటి పిల్లను ఒకరు చేసుకున్నారా? లేదు. ప్రేమించి చేసుకున్నాడని చెప్పామే, వాడు చేసుకున్నది మన రెండో కులపు అమ్మాయినే. పెద్దకులం వాళ్ళు కాదు, మన రెండు పేటల వాళ్ళే వాణ్ణి మూడేళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు. కంచం పొత్తే గానీ మంచం పొత్తు లేదని పెద్దలు అనే మాట పెద్దకులాల గురించే అనుకునేవాళ్ళం. మనకూ అంతే వర్తించింది.

జాషువా గారి అమ్మాయి హేమలత, నాస్తికోద్యమకారుడు గోరా గారి అబ్బాయి లవణం 1960లో పెళ్ళి చేసుకున్నారు. గోరా గారి కూతురు మనోరమకు 1948లో దళిత కుటుంబం నుంచి వచ్చిన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్ళయింది. అవి మా నాన్నలు పసివాళ్ళుగా ఉన్నప్పటి పెళ్ళిళ్ళు. మేము ఆ తరవాత పుట్టి, వాళ్ళకన్నా ఎక్కువ చదివి, మాట్రిమోనీ దరఖాస్తులో ఉపకులం గడి జాగ్రత్తగా నింపుతున్నాం.

ఇన్నీ రాశాక, మీరేం మారారని పిల్లలు అడుగుతారు. పెద్దగా ఏం లేదు. ముగ్గురం ఏటీఎం కార్డులు తిరిగి ఇచ్చేశాం. ఒకరి ఇంట్లో "ఇప్పుడెందుకు, ఏం జరిగింది?" అని భయపడ్డారట. డి-పట్టా ఎకరం అల్లుడు ఆ భూమి కొన్నాయన దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఆయన చెప్పిన ధర వీడి ప్రావిడెంట్ ఫండ్ అంతా పెట్టినా అందేట్టు లేదు. అయినా పోతున్నాడు. రాత్రి పూట కంచం కడుగుతున్నవాళ్ళం నలుగురం. మిగతావాళ్ళు కడుగుతున్నామనే చెప్పారు, వాళ్ళ ఇంటావిడల్ని మేము అడగలేదు.

ఇక అసలు పరీక్ష ఇప్పుడొచ్చింది. మా బ్యాచ్‌లో ఒకరి అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంబంధాలు వస్తున్నాయి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డప్పుడు టీచరు పిల్లల ధర ఎలా పెరిగిందో కళ్ళారా చూశాం, సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పేదేముంది. మేమంతా కలిసి ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "మేం అడగంరా. వాళ్ళు ఇష్టపడి పెడితే కాదనడం మర్యాద కాదు కదా" అన్నాడు. మా నాన్నలు 1998లో మంచం మీద కూర్చుని అన్నది అక్షరాలా ఇదే. అరగంట వాదించాం. కండక్టరైన మావాడు లేచి, ఖాళీ టీగ్లాసులన్నీ పోగేసుకుని వంటింట్లోకి పోయి కడగడం మొదలుపెట్టాడు. ఆ ఇంటావిడ కంగారుపడి "అయ్యో అన్నయ్యా, వదిలెయ్యండి" అంటూ వెనకాలే పరుగెత్తింది. అబ్బాయి తన గదిలోంచి తొంగి చూశాడు. తండ్రి ఏమీ అనలేదు. పిల్లవాళ్ళ తరపు వాళ్ళు వచ్చే నెల మొదటి ఆదివారం మాట్లాడుకోవడానికి వస్తున్నారు. మమ్మల్ని కూడా రమ్మన్నాడు. వెళ్తున్నాం.